చప్పటి నీళ్లు

గద్వాల, ఏప్రిల్ 1939

రైలుకట్ట మీద ఎండలో కష్టపడుతున్న నా పెనిమిటికి కిష్టమ్మ వందనాలు.

మన రూతు బాగుంది. విరేచనాలు ఆగిపోయాయి. మీరు దవాఖానలో చూసొచ్చి కట్టిన నీళ్ల బట్టీయే బిడ్డను నిలబెట్టింది. ఈ ఎండలకు మన వాడ బావి మరీ ఉప్పెక్కింది, పప్పు కూడా ఉడకడం లేదు. ఆ నీళ్లే కుండలో మరగబెట్టి, ఆవిరి పోకుండా మూత చుట్టూ పిండి మెత్తి, వెదురు గొట్టం మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంటే, పొద్దు వాలేసరికి చెంబెడు చప్పటి నీళ్లు దిగుతాయి. అవి బిడ్డకే సరిపోతాయి.

మీకొకటి చెప్పుకోకపోతే నాకు అన్నం సహించదు. సోమవారం పక్కింటి తిరుపతమ్మ వచ్చింది. ఆమె కొడుక్కీ అదే జబ్బు. ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గరికి మన వాడవాళ్లను రానివ్వరు కదా, ఇంకెక్కడికి పోతుంది?

"జర గుక్కెడన్న పొయ్యక్కా. పోరడు ఉప్పునీళ్లు కక్కుతుండు" అంది.

నిండు చెంబు నా వెనకే ఉంది. కొంగు అడ్డం పెట్టి, "ఇయ్యాల దిగలే" అన్నాను. ఆమె నా కొంగు వైపు చూసి వెళ్లిపోయింది. మరునాడు పిల్లవాడిని మంచం మీద దవాఖానకు మోసుకుపోయారు. అప్పటినుంచి రూతుకు నీళ్లు పట్టేటప్పుడల్లా వాళ్ల వాకిలి వైపే చూస్తున్నాను. వాడికేమైనా అయితే మీకు నా ముఖం ఎట్లా చూపించను?

మీ కిష్టమ్మ


గద్వాల, మే 1939

నా పెనిమిటికి,

మీ జవాబు అందకముందే మళ్లీ రాస్తున్నాను. పిల్లవాడు బతికాడు. ఇంటికి తెచ్చారు గాని ఇంకా నిలబడలేడు. నేను వెళ్లి, ఆనాడు నీళ్లుండీ లేవన్నానని తిరుపతమ్మతో చెప్పేశాను. ఆమె కొడుకు కాళ్లు ఒత్తుతూనే ఉంది.

"నాకెరికే. నీ మీద కోపం పోలే. పోతదో లేదో తెల్వదు. గానీ నీళ్లు గావాలె. అది కట్టుడెట్లనో చూపియ్యి" అంది.

వాళ్ల వాకిట్లో ఇంకో బట్టీ కట్టాం. నేను మూతకు పిండి మెత్తాను, ఆమె గొట్టం అమర్చింది. వాడవాళ్లు పొయ్యిలోకి తుమ్మకంప తెచ్చి వేస్తున్నారు. నిన్న మొదటి నీళ్లు దిగాయి. సగం కొడుక్కి తాగించి, మిగతా సగం మన గడప మీద పెట్టి, పిలవకుండానే వెళ్లిపోయింది.

ఆ నీళ్లు రూతుకు పట్టాను. అది గుటకలు వేస్తుంటే, తిరుపతమ్మ నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మీ కిష్టమ్మ