ఇద్దరికీ సగం సగం చెప్పిన జబ్బు

అన్నయ్యా,

నువ్వు పోయాక నాలుగో వానాకాలం వచ్చింది. నేను బోరిగుమ్మలోనే ఉన్నాను. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది.

నా కూతురు కామాక్షికి మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. వాటి మీద తెల్లటి పొలుసులు... అచ్చం నీకు వచ్చినట్టే. చూడగానే భయమేసింది. సంతలో జనం మళ్లీ ఆ మాటే అంటారేమో, పెద్దరోగమని.

కోరాపుట్ తీసుకెళ్లాం. ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చాడు. ఇది కుష్ఠు కాదు, అంటుకోదు అన్నాడు. ఆ తర్వాత ఏమడిగాడో తెలుసా? కడుపునొప్పి వస్తోందా, విరేచనంలో రక్తం పడుతోందా అని. కామాక్షి తల దించుకుని అవునంది. తల్లిని, నాకే తెలియదు!

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. పొట్టంగి కచేరీలో కొలువు నుంచి సెలవు మీద వచ్చినప్పుడు, కడుపు పట్టుకుని కూర్చుని అనేవాడివి: "సర్మం రేగినప్పుడే కడుపూ సెడతాదే అమ్మీ. ఈ రెండింటికీ ఏటో సుట్టరికముంది." వేళాకోళమనుకున్నాం.

మరి ఆ మాట వైద్యం చేసేవాళ్లకు ఎందుకు చెప్పలేదు? ఆసుపత్రిలో చేతులు చూపించి తారు మలాము తెచ్చుకున్నావు. రక్తం సంగతి సిగ్గుపడి దాచావు. కడుపు కోసం బిస్సమ్ కటక్ నాటువైద్యుడి దగ్గరికేమో మండుటెండలో పొడుగు చేతుల కోటు తొడుక్కుని వెళ్లావు. "సర్మం సూస్తే నాడి అట్టుకోడే" అన్నావు. ఒకాయన చర్మాన్నే చూశాడు, ఒకాయన కడుపునే. నిన్ను మొత్తంగా చూసినవాళ్లెవరు?

చివరికి రక్తం ఆగక, పొట్టంగి నుంచి బండిలో తెస్తుంటే ఘాటీ కొండదారిలోనే...

ఈ డాక్టరుకు నీ సంగతంతా చెప్పాను. ఆ రెండూ ఒకే మనిషికి రావడం ఇంతకు ముందూ చూశాడట. ఎందుకో తనకూ తెలియదట. పూర్తిగా నయం చేసే మందూ లేదట. ముందే చెప్పుకుని ఉంటే మా అన్నయ్య బతికేవాడా అని అడిగాను. ఆయన కామాక్షి చేతిని వెలుతురులోకి తిప్పి మళ్లీ చూశాడు.

కామాక్షికి మలాముతో పాటు కడుపుకీ మందిచ్చాడు. కారం మాన్పించాం. నొప్పి కాస్త తగ్గింది. మచ్చలు ఉన్నాయి.

నీకు వసారాలో వేరుగా విస్తరాకు వేసిన అమ్మే, ఇప్పుడు కామాక్షిని పక్కన కూర్చోబెట్టుకుని మజ్జిగన్నం కలిపి పెడుతోంది. నిన్న పొరపాటున దాన్ని నీ పేరు పెట్టి పిలిచింది. ముద్ద అమ్మ చేతిలోనే ఉండిపోయింది.

దీన్ని ఎవరూ వేరుగా కూర్చోబెట్టరు అన్నయ్యా. నేనున్నాను.

నీ చెల్లెలు,
సుభద్ర