పెళ్లిచీర మడతలో గోలీల షీటు

జూన్ 4
ఈ నెలా రాలేదు. మా ఆయన రవి వచ్చే నెల దుబాయ్ నుంచి సెలవు మీద దిగుతాడు. డేట్ వచ్చిన రోజే గర్భం రాకుండా గోలీలు మొదలుపెట్టాలట — అందరూ అనేది అదే. రాని డేట్‌కు ఏ రోజని మొదలుపెట్టను? పాప కడుపులో ఉన్నప్పుడు పోయిన కుట్టుమిషన్ పని, పాప బడికి పోయేదాకా మళ్లీ దొరకలేదు. ఇప్పుడు బట్టల కంపెనీలో లైన్ మొత్తం చూసుకొమ్మంటున్నారు. ఇంకో కాన్పు ఇప్పుడొద్దు. వద్దంటే వద్దు.

జూన్ 6
స్వప్నకు వచ్చింది. రాకేం? మా యారాలు, మరిది భార్య, కోరుట్ల పిల్ల — దానికన్నీ చెప్పిన టైముకే. అత్తమ్మ ఇంట్లో డేట్ వచ్చినామె పొయ్యి ముట్టొద్దు. ముందర్రలో చాప పరుచుకుని, బీఎడ్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. అత్తమ్మే చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. గోలీలు కూడా మరిదే జగిత్యాలలో అడిగి కొనుక్కొస్తాడు. నా మొగుడు ఫోన్లో ఆ మాటెత్తితే చాలు, "నెట్ మంచిగ లేదు" అంటాడు. పెట్టి పుట్టాలి.

జూన్ 7
అనేశాను. "అత్తమ్మా, నాక్కూడ అయింది."
అబద్ధం. పొద్దున వంటంతా చేసి కంపెనీకి ఉరకాలి, అదేమో చాప మీద కాళ్లు చాపుకుని... ఓర్వలేకపోయాను.
"ఇద్దరికి ఒక్కపారే గావాల్నా? నా నడుము ఇరుగుతది" — అత్తమ్మ. కానీ చాయ్ నాకూ తెచ్చింది. ఎంత తీయగా ఉందో!

అదే రోజు, సాయంత్రం
తగిన శాస్తి. స్వప్న సంబరపడిపోయింది. "అచ్చింది గద అక్కా, ఇగ ఆగకు. బావ అచ్చేవరకు ఒంటికి పడ్తయి." తన కొత్త షీటు తీసి నా చేతిలో పెట్టింది.
"మరి నీకు?"
"నాకింక టైమున్నది. పాత షీటు అయినంక ఏడు రోజులు ఆగాలె గద. గాయన జగిత్యాలకెల్లి తెస్తడు."
డేట్ రాకుండా మింగితే ఏమవుతుందో ఏమో... మింగినట్టు నీళ్లు తాగాను. షీటు పెళ్లిచీర మడతలో పెట్టాను. అది మంచిది కూడా. అందుకే ఇంకా మంట.

జూన్ 13
"ఏసుకుంటున్నవా అక్కా?" "ఆఁ."
దాని షీటే ఇంకా రాలేదట. మరిదికి జగిత్యాలలో పని పడలేదు. "గీడ కొందామంటే మందుల షాపు అత్తమ్మ తమ్మునిదాయె!" అని నవ్వుతోంది. నా చేయి బీరువా దాకా పోయింది. తిరిగిస్తే అబద్ధం బయటపడుతుంది. ఆగిపోయాను. దీనికి కూడా ఒక్కసారైనా ఏదో ఒకటి ఆలస్యం కానీ — అనుకున్నాను కూడా. రాసేశాను. ఇంకేం.

జూన్ 18
సిరిసిల్ల. సిగ్గు విడిచి డాక్టరమ్మను అడిగాను.
"మీ ఆయన ఏడాది సంది ఇక్కడ లేడంటివి. కడుపు లేదని తెలిసినంక డేట్ కోసం చూసుడెందుకమ్మా? ఇయ్యాల్నే మొదలువెట్టు. మొదటి వారం మాత్రం గోలీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు."
బీపీ చూసింది. తలనొప్పులున్నాయా అని అడిగింది. డేట్ ఎందుకు తప్పుతోందో తెలియాలని రక్తపరీక్ష రాసింది. గోలీలు వేరే రకం రాసింది, అక్కడే కొన్నాను.
ఇంతేనా! ఇంతదానికా...
స్వప్న షీటు నిన్ననే వచ్చిందట.

జూలై 11
వచ్చింది! డాక్టరమ్మ చెప్పినట్టే, షీటు అయిపోగానే. ఈసారి అత్తమ్మకు నిజమే చెప్పాను. చాప మీద నేను, పొయ్యి దగ్గర స్వప్న. హాయిగా ఉంది.

జూలై 14
స్వప్న ఇంకా పొయ్యి దగ్గరే. మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు, వంటింట్లో ఎవరున్నారో చూస్తే చాలు. అత్తమ్మ చూసింది. దాని చేతిలోంచి రొట్టెల పిండి లాక్కుంది. "కూసో బిడ్డా, నేను జేస్త." ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి అలా అన్నదా? ఇప్పుడు కూడా కుళ్లే నాకు. సిగ్గులేని బతుకు.

చాయ్ తెచ్చి నా చాప పక్కన పెట్టింది స్వప్న. "అక్కా, నడుమల కొన్ని రోజులు గోలీలు లేకుంటనే ఉంటి గద... నా బీఎడ్ పరీక్షలెట్ల? రేపు సిరిసిల్లకు నాతోని అస్తవా? ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. నీకే చెప్తున్న."

వస్తానన్నాను. రేపు రాత్రికి రవి దిగుతాడు. పట్నం పంపిన రక్తపరీక్ష కాగితం ఇంకా రాలేదు. పెళ్లిచీర మడతలో ఆ షీటు అలాగే ఉంది, ఒక్క గోలీ కూడా చింపకుండా.

స్వప్న కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "నీకైన మంచిగ పనిజేసినయి గదా అక్కా, నేనిచ్చిన గోలీలు?"

ఔనన్నాను.