దర్జీ గారి మతికి కాగితం

మత్తు డాక్టరమ్మగారికి,

దర్జీ నమస్కరించి రాయునది. మంగళవారం నా కుడి మణికట్టుకి ప్లేటు వేశారు, గుర్తుందా? షాపులో స్టూలు దిగుతూ, మెట్టు ఉందనుకున్న చోట లేక పడినవాణ్ణి. డెబ్బై ఆరేళ్లవాడికి పూర్తి మత్తెందుకని భుజం దగ్గర సూది వేసి చెయ్యొక్కటే మొద్దుబార్చారు.

చిక్కల్లా ఇంటికొచ్చాక వచ్చింది. దుప్పటి సర్దుకోబోతే పక్కలో ఎవరిదో చెయ్యి తగిలింది, బరువుగా, వెచ్చగా. "ఎవర్రా నా మంచం మీద?" అని కేకేశాను. "నాన్నా, అది నీదే" అన్నాడు మా అబ్బాయి. "నాదైతే నా మాట వినదేం?" అన్నాను. అంతే, నాకు మతి పోయిందని తేల్చేసి నా కత్తెర బీరువాలో పెట్టి తాళం వేశాడు. యాభై ఏళ్లుగా మా షాపులో కోటు గుడ్డ మీద ఆ కత్తెర తప్ప ఇంకొకటి పడలేదు. అది లేకపోతే నేనెందుకూ కొరగాను. నా మతి బాగుందని ఒక కాగితం రాసివ్వండి.

ఇట్లు,
కత్తెర లేని దర్జీ

తా.క.: ఎడం చేత్తో రాస్తున్నాను. అక్షరాల వంకర చూసి మీరూ మా వాడితో కలవకండి.

*

దర్జీ తాతగారికి నమస్కారాలు.

మందు దిగేదాకా చెయ్యి పరాయిదిలా ఉండటం మామూలే. మరుసటి రోజుకి వేళ్లు కదిలే ఉంటాయి. అయితే పెద్ద వయసులో ఆపరేషను తర్వాత కొందరు నిజంగానే తికమకపడతారు, మీ అబ్బాయి భయంలో తప్పు లేదు. కాగితం రాయాలంటే నేనూ కొన్ని అడగాలి. ఇవాళ ఏ వారం? ఇంట్లో ఎవరెవరున్నారు? వందలోంచి ఏడేడు తీసేస్తూ రండి. ఆపరేషను రోజు ఏం గుర్తుంది?

మీ మేలు కోరే
మత్తు డాక్టరు

తా.క.: అబ్బాయిని జవాబులు అందించనివ్వకండి.

*

డాక్టరమ్మా,

కొంప ముంచారు. మీ ఉత్తరం మా వాడి చేతిలో పడింది. "చూశావా, డాక్టరుగారికే అనుమానం" అని పొద్దునా సాయంత్రం ఏ వారమని అడుగుతున్నాడు. ఒళ్లు మండి నిన్న రెండు పూటలా మంగళవారమే అన్నాను. టేపు కూడా బీరువాలోకి పోయింది.

ఇవాళ గురువారం. ఇంట్లో నేను, అబ్బాయి, కోడలు. ముగ్గురిలో మతి ఉన్నది నాకే. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది... గుడ్డ కొలిచినవాడికి ఇదొక లెక్కా? ఇక ఆపరేషను రోజంటారా, పరదా ఇవతల నేను మెలకువగానే ఉన్నానమ్మా. ఎముకల డాక్టరుగారు ప్లేటు బిగిస్తూ, తన కోటుకి ఎడమ చెయ్యి పొట్టిగా ఉందనీ, మీటింగుల్లో ఆ చెయ్యి జేబులో దాచుకుంటున్నాననీ మొత్తుకున్నారు. "ఆ దర్జీని తీసుకురండి, వాడి చేతులకీ ఆపరేషను చేద్దాం" అన్నది మీరే. సబబైన మాట. ఎవడోగానీ వాడి చేతికి కత్తెర ఇవ్వడమే పాపం.

ఇట్లు,
టేపు కూడా లేని దర్జీ

తా.క.: కట్టు మార్చినప్పుడు లెక్కపెట్టాను. కుట్లు పదకొండు. ఏడోది వంకర.

*

తాతగారికి,

మీ మతి భేషుగ్గా ఉందని కాగితం జతచేశాను. మీరు మేలుకుని ఉన్నారన్న సంగతి మేమే మరిచాం, సిగ్గుగా ఉంది. మీ ఉత్తరం చదివి వినిపిస్తే ఎముకల డాక్టరుగారు నాలిక్కరుచుకున్నారు. ఆ కోటు రెండేళ్ల కిందట వాళ్లావిడ ఆది కోటిచ్చి కుట్టించిందట. మీ చెయ్యి బాగయ్యాక సరిచేస్తారని పంపుతున్నారు.

తల దించుకున్న
మత్తు డాక్టరు

తా.క.: కాలరు లోపల షాపు చీటీ ఉంది. కూర్చుని చూడండి.

*

అమ్మా డాక్టరమ్మా,

కూర్చునే చూశాను. చీటీ మాదే. షాపులో కుట్టేది మా వాడే, వాడి నిర్వాకమని కేకలేశాను. వాడు కొలతల పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. కొలతలు సరిగ్గానే ఉన్నాయి, రాత నాది, కత్తిరించింది నేనే. రెండేళ్లుగా నా కోట్లన్నీ నేను ఇంటికెళ్లాక వాడు విప్పి సరిచేస్తున్నాడట. ఇదొక్కటీ తప్పించుకుపోయింది. కత్తెర దాచడానికి వాడికో వంక కావాలి, నా మొద్దు చెయ్యి ఆ వంక ఇచ్చింది. "నీకెలా చెప్పను నాన్నా" అని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

మతి పోయిందని సరిపెట్టుకుందామంటే మీ కాగితం ఉందాయె. మిగిలింది కళ్లే. కిటికీ దగ్గర టేపు పట్టుకు చూస్తే అంకెలన్నీ పాలలో పడ్డట్టున్నాయి. ఆ స్టూలు మెట్టు సంగతీ అదే. కంటి డాక్టరు శుక్లం అన్నాడు. కంటికీ సూదేసి మొద్దుబారుస్తారటగా, ఆ సూది మీరే వెయ్యాలి. అప్పటిదాకా కత్తెర బీరువాలోనే ఉండనీయమన్నాను. తాళంచెవి మాత్రం మా వాడు నా జేబులో పెట్టాడు.

ఇట్లు,
మతి ఉన్న దర్జీ

తా.క.: ఈసారి ఆపరేషను గదిలో బట్టల మాట ఎత్తొద్దని అందరికీ చెప్పండి. నేను వింటూ ఉంటాను.