ఎడమవైపు నడిచే మనిషి

జూన్ 4, సాయంత్రం

కొన్నాను. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషన్. యాభై నాలుగేళ్లు వచ్చాక.

షాపువాడు ఎవరికండీ, మనవడికా అన్నాడు. అవునన్నాను. ఇంకా పుట్టని మనవడి నెత్తిన అబద్ధం పెట్టి బయటపడ్డాను.

నిజం ఇక్కడ రాసుకోవచ్చు. నేను పనిచేసే యార్డ్‌లో నేను నడిపే క్రేన్ మారుస్తున్నారు. పైన కేబిన్ ఉండదట. మెడలో రిమోట్ పెట్టె తగిలించుకుని కిందే నిలబడి నడపాలట. పెట్టె మీద బొటనవేలితో తోసే బుడిపెలు రెండు. నేను ఇన్నాళ్లూ పిడికిలి నిండా పట్టుకునే లివర్లతో బతికినవాణ్ణి. హుక్ కింద నిలబడి చైన్లు తగిలించేది నా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. నా వేలు తడబడితే సొట్ట పడేది ఇనుముకి కాదు.

గేమ్ మిషన్ మీదా అలాంటి బుడిపెలే ఉన్నాయి. ప్రాక్టీసు అన్నమాట.

ఇంకో నిజం కూడా ఉంది. పెట్టె విప్పుతుంటే ఊపిరి ఆగినంత పనైంది. పక్కలో పెట్టుకుని పడుకోవాలనిపించింది. మా ఆవిడ చూసి, బాగుంది, పాలపళ్లు కూడా మళ్లీ వస్తున్నాయేమో చూసుకోండి అంది.

జూన్ 5

ఆడలేదు. అది ఆడనివ్వలేదు.

ముందు చార్జింగ్ అంది. తర్వాత వైఫై అంది. తర్వాత అప్‌డేట్ అంది. అకౌంట్ కావాలంది. పాస్‌వర్డ్ చెబితే బలం చాలదంది. మా అత్తగారు కూడా పిల్లనిచ్చేముందు నన్ను ఇన్ని అడగలేదు.

పుట్టిన సంవత్సరం కోసం స్క్రీన్ తోస్తూ పోయాను. ఎంతకీ నేను రాను. మా ఆవిడ పక్కన చేరి, ఇంకా కిందికి వెళ్లండి, రాజులు అయిపోయాక ఉంటారు అంది.

జూన్ 6

ఆడాను!

లాంతరు పట్టుకున్న చిన్న మనిషి. చెక్క వంతెనల మీద నడుస్తాడు. చివర్లో ఆగి గంట కొట్టాలి. నడవడం బ్రహ్మాండంగా వచ్చేసింది. ఆగడమే రావడం లేదు. ఆగినట్టే ఆగి, ఎడమవైపుకి జరిగి, లోయలో పడతాడు. కొత్త కదా.

జూన్ 8

మళ్లీ ఎడమే. ఎవరో పిలిచినట్టు నెమ్మదిగా వెళతాడు. ఈ రోజు బుడిపె మీద వేలు ఊరికే ఆనించి ఉంచాను. తొయ్యలేదు. అయినా వెళ్లాడు. వేలు వంక కళ్లార్పకుండా చూశాను. కదులుతున్నట్టు నాకైతే కనపడలేదు. కానీ వాడు వెళుతున్నాడుగా.

మా యార్డ్‌లో ఒక అలవాటుంది. లోడ్ ఊగితే ఎవరూ క్రేన్‌ని అనరు. నీ చెయ్యి చూసుకో అంటారు. నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటిరోజు చెప్పింది అదే. నా తర్వాత వచ్చినవాళ్లందరికీ నేను చెప్పిందీ అదే.

మా నాన్నకి వణుకు బొటనవేలితోనే మొదలైంది. తర్వాత గ్లాసు. తర్వాత చొక్కా గుండీలు. ఆఖర్న మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంటే ఇద్దరి చేతులూ ఊగేవి.

జూన్ 9

ఆడలేదు. గుండీలు నేనే పెట్టుకున్నాను. అన్నీ పట్టాయి.

జూన్ 11, రాత్రి ఏడు గంటలు

యార్డ్‌లో ఇంకా పాత క్రేనే. పైపుల కట్ట దింపుతున్నాను. ఎప్పుడూ లేనంత నిదానంగా. బావమరిది కిందనుంచి, బావా, అవి పైపులా, కోడిగుడ్లా అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పైనుంచి చూస్తే వాడి పసుపు హెల్మెట్ నా అరచేతిలో పట్టేంత ఉంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ సూదిలో దారం ఎక్కించమంది. ఒక్క దెబ్బకి ఎక్కింది. ఇంకో సూది ఇవ్వమన్నాను. టైలర్ షాపు పెడుతున్నారా ఏంటి అంది.

డాక్టర్‌కి చూపించుకుంటే కబురు యార్డ్‌కి వెళుతుంది. నన్ను స్టోర్ రూమ్‌లో బోల్టుల మధ్య కూర్చోబెడతారు. చూపించుకోకపోతే బావమరిది నా హుక్ కింద నిలబడతాడు. ఏ వైపు తిరిగి పడుకున్నా ఈ రెండే కనపడుతున్నాయి.

జూన్ 14

మందు దొరికింది!

వదిలేముందు కుడివైపుకి కొంచెం నొక్కాలి. చీమని పక్కకి జరిపినంత. నొక్కి వదిలితే వాడు నిలబడతాడు. వంతెన దాటించాను. గంట కొట్టించాను. పెద్దగా అరిచినట్టున్నాను, మా ఆవిడ వంటింట్లోంచి ఎవరొచ్చారండీ అంది.

చెయ్యి పాడైతే పాడైంది. దాన్ని మోసం చేసే దారి నాకు తెలిసింది.

జూన్ 17

కుడి, వదులు. కుడి, వదులు. ఇప్పుడు ఆలోచించక్కర్లేదు. దానంతట అదే వస్తోంది.

జూన్ 19

తింటుంటే బొటనవేలు కంచం అంచు మీద అదే పని చేస్తోంది. మా ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. తను ఏమీ అనకపోతేనే నాకు భయం.

జూన్ 20, సాయంత్రం

అడిగేసింది. చెప్పేశాను. వేలు సంగతి, నాన్న సంగతి, అన్నీ.

మంచం అంచున కూర్చుండిపోయింది. వాడికి తెలుసా అంది. తమ్ముడికి. తెలియదన్నాను. రేపే సూపర్‌వైజర్‌కి చెప్పండి, బోల్టులైతే బోల్టులే అంది. సరేనన్నాను. ఆట ఆపకుండానే మిషన్ బల్ల మీద పెట్టి పక్కన కూర్చున్నాను.

తనే చూసింది. ఏమండీ, మీవాడు వెళ్లిపోతున్నాడు అంది.

నా చేతులు నా ఒళ్లో ఉన్నాయి. లాంతరు మనిషి తాపీగా ఎడమవైపు నడిచి లోయలో పడ్డాడు. మళ్లీ పుట్టాడు. మళ్లీ నడిచాడు.

ఎవరూ ముట్టుకోకుండానే.

ఇద్దరం నవ్వాం. మిషన్ చెడిపోయి ఉంటుందని ఒక్కసారైనా తోచలేదా అని నన్ను మొట్టింది. తోచలేదు. నాకు నేర్పిన పద్ధతి అది కాదు. నవ్వుతూ నవ్వుతూ తను ఏడ్చింది.

జూన్ 22

షాపువాడు ఒకసారి తిప్పి చూసి, బుడిపె పోయింది సార్, వచ్చేటప్పుడే ఇలా వచ్చినట్టుంది అన్నాడు. కంపెనీకి పంపాలట. ఎప్పుడొస్తుందో వాడికీ తెలియదు. మామూలుగా అయితే గొడవ పెట్టుకోవాలి. థ్యాంక్స్ చెప్పి వచ్చాను.

సూపర్‌వైజర్‌కి ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

జూన్ 25

కొత్త క్రేన్ బిగించారు. రేపు మొదటి లోడ్ నాదే. బావమరిది రిమోట్ పెట్టె నా మెడలో వేసి, వెనక్కి జరిగి చూసి, బావా, ఐస్‌క్రీమ్ ఎంతకిస్తావు అన్నాడు. హాయిగా నిద్రపోతాను.

జూన్ 26

గోడకీ లోడ్‌కీ మధ్య నిలబడకూడదని రూలు. నా లోడ్ అయితే మాత్రం బావమరిది నిలబడతాడు.

పైపుల కట్ట లేచింది. వచ్చింది. వాడు కుడివైపు గోడ దగ్గర ఉన్నాడు. ఆపాను. వదలబోయాను.

బొటనవేలు కుడికి నొక్కింది.

నేను చెప్పలేదు దానికి.

కట్ట కుడికి ఊగి, వాడి ఛాతీకి జానెడు దూరంలో ఆగింది. వాడు నా వంకే చూస్తున్నాడు. నేను పెట్టె వదిలి, రెండు చేతులూ పైకెత్తి వాడికి చూపించాను.