నసీబ్‌బీ పెట్టిన మాత్ర

ఆదోనిలో పరుపులు, బొంతలు కుట్టి అమ్ముకునే దూదేకుల రసూల్ సాబ్ అను నేను, గుండె సరిగా లేకపోయినా బుద్ధి సరిగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నా బుద్ధి బాగుందని డాక్టరమ్మ శిరీష కాగితం రాసిచ్చింది. నా కొడుకు హబీబ్‌కు అనుమానముంటే ముందు తన బుద్ధికి అలాంటి కాగితం ఒకటి తెచ్చుకోవలెను.

1. మిగిలిన ఆస్తిలో షరియత్ ప్రకారం ఎవరి వాటా వాళ్లది. ఇల్లు, అంగడి మాత్రం నా రెండో భార్య నసీబ్‌బీకి ఇదివరకే హిబా చేసి, అంటే బతికుండగానే దానంగా ఇచ్చేసి, రిజిస్టరు చేయించి, తాళాలు అప్పగించాను. నేను పోయిన మర్నాడే చిన్నమ్మను ఎమ్మిగనూరులో పుట్టింటికి సాగనంపాలని హబీబ్ వేసుకున్న లెక్క చెల్లదు.

2. కారణం కూడా రాయిస్తున్నాను. మొన్నటి రంజాన్‌లో రోజా ఉండగా అంగట్లో నాకు ఎదనొప్పి వచ్చింది. గుండె కండకు నెత్తురు చాలకపోతే ఈ నొప్పి వస్తుందనీ, నాలుక కింద మాత్ర పెట్టుకుంటే నాళాలు వదులై నెత్తురు ఆడుతుందనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. ముద్దకట్టిన దూదిని ఏకడం లాంటిదని నాకు అర్థమైంది. నసీబ్‌బీ మాత్ర పెట్టింది. హబీబ్ తగుదునమ్మా అని వచ్చి, "రోజా ఇరిగిపోతాది, ఉమ్మెయ్ అబ్బా" అంటూ నోట్లో వేలు పెట్టి తీసి పారేశాడు. ఆమె ఇంకొకటి పెట్టింది. అది కరుగుతుండగానే వీడు నమాజుకని నన్ను లేపి నిలబెట్టాడు. ఆ మాత్రకు రక్తపోటు పడిపోతుంది, కూర్చునే ఉండాలి. నేను దూదిమూటల మీద కూలబడ్డాను. నసీబ్‌బీ నా కాళ్ల కింద దిండ్లు పెట్టి, ఆటో పిలిచి బతికించింది.

రోగికి రోజా మినహాయింపేనని మసీదులో నమాజు చేయించే హజ్రత్ చెప్పాడు. బదులుగా ఒక పేదవాడికి అన్నం పెట్టాం. వండింది ఆమే. అయినా మొగుడి రోజా విరగ్గొట్టిన మనిషని హబీబ్ బజారంతా చాటాడు. హజ్రత్‌కు తెలియనిది వీడికి తెలుసు మరి.

3. హబీబ్‌కు నా దూదేకే విల్లు. ఇంతవరకు దాన్ని ముట్టిన పాపాన పోలేదు. దాని తీగ మోగుతుంటే పక్కవాడి మాట వినపడదు. వాడు మాట్లాడేటప్పుడల్లా మోగిస్తే ఊరికి మేలు.

4. కూతురు సాదియాకు నేను కుట్టిన ఎర్ర బొంత. చిన్నప్పుడు దూదికుప్పలో నిద్రపోయి తుమ్ముతూ లేచేది. ఆ తుమ్ములంటే నాకు ప్రాణం.

5. ఎమ్మిగనూరు నేతగాడు రంగన్నకు రెండు దిండ్లు. ఆస్పత్రికి వచ్చి ఒక్క సలహా కూడా ఇవ్వని మనిషి ఆయనొక్కడే. ఈ వీలునామా అమలు చేయవలసిందీ ఆయనే.

6. మాత్రల సీసా నసీబ్‌బీ కొంగున ఉంది. మాత్ర దారి వదులు చేస్తుందే గాని అడ్డం తీసెయ్యదని డాక్టరమ్మ చెప్పింది. ఏదో ఒక రోజు అది పనిచెయ్యదు. ఆ రోజు మాత్ర పెట్టావా, ఎప్పుడు పెట్టావు అని ఆమెను ఎవరూ అడగకూడదు. పెట్టింది. ఇప్పుడే నేను సాక్ష్యం చెబుతున్నాను.

ఆదోని, 2024 సెప్టెంబరు 9
(సంతకం) దూదేకుల రసూల్ సాబ్

సాక్షులు:
లక్ష్మన్న, పక్క అంగడి
శిరీష, డాక్టరు