ఓనర్ మేడమ్‌ను చూడాలట

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఎనిమిది నెలలు. మన గుడ్డసంచులు కొనే కంపెనీకి ఆ మాట నేనింకా చెప్పలేదు. ఆడవాళ్లు నడిపే చిన్న సంస్థల దగ్గర కొంత సరుకు కొనాలన్నది వాళ్ల నియమం. నాంపల్లిలో నీ పేరు మీదున్న మన చిన్న షెడ్డుకు ఆర్డర్ వచ్చింది అందుకే. వాళ్ల మెయిళ్లకు నీలాగే "నమస్తే అండి" అని మొదలుపెట్టి, నీ పేరుతోనే జవాబులిస్తున్నాను.

మొన్న రాశారు. బుధవారం వస్తారట, ఓనర్ మేడమ్‌ను చూడాలట.

నేను చేసింది మోసం. ఆర్డర్ పోతే షెడ్డులోని ఆరు కుట్టు మిషన్లూ ఆగిపోతాయి.

నువ్వు లేనప్పటి నుంచి పనంతా మన దగ్గర కుట్టే యాదమ్మే చూస్తోంది. పొద్దున అడిగింది.

"ఏంది సార్, మొకం గట్ల గుంజుకపోయింది?"

చెప్పాను.

"అయితే నన్నే సుజాతక్క అని కూసోబెడ్తరా ఏంది?" అని నవ్వింది.

నిజంగానే ఆ ఆలోచన వచ్చింది నాకు. తల దించుకున్నాను. ఆమె నవ్వు ఆగింది.

"అక్క పేరు మీద నేను కూసోను సార్. షెడ్డుల వాటా రాసియ్యున్రి, ఓనర్‌గ నా పేరు మీద కూసుంట."

రాస్తానన్నాను. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి, నా భార్య ఎనిమిది నెలల కిందటే చనిపోయిందని చెప్పాను. అవతలి అమ్మాయి అది రాసుకుంది.

"ఆర్డర్ సంగతి పైవాళ్లు చెప్పాలి సార్. బుధవారం ఎవరిని కలవాలి?"

"యాదమ్మగారిని" అన్నాను.