అవతలి గోడ వెంట ఎర్రచార

జూన్ 4, ఉదయం

డైరీ మానేసినదాన్ని. మళ్లీ రాస్తున్నానంటే, చూసింది ఎవరితోనూ అనలేకే.

మనవరాలు తన థీసిస్ కోసం వెనక గదిలో గాజు కాలమ్ నిలబెట్టింది. చిన్నా పెద్దా గాజు పూసలు నింపి, పంపుతో పైనుంచి ఎర్రనీళ్లు వదిలింది. ఫ్యాక్టరీలో తన తండ్రిని మింగిన రియాక్టర్‌కి అది నమూనా. నీళ్లు పూసల మధ్య సమంగా దిగాలి. కానీ కిటికీ వైపు గాజు గోడ పట్టుకుని ఒకే చారగా జారాయి.

ఆ రియాక్టర్ కూడా ముందు ఒకవైపే కాలిందట. అందులో ఉత్ప్రేరకం గుళికలు దగ్గరుండి నింపించింది మా అబ్బాయి, ఈ పిల్ల తండ్రి. ఫీడ్, అంటే లోపలికి పంపే ద్రవం, తొందరపడి వదిలాడని నింద పడి ఉద్యోగం పోయింది మాత్రం ఆపరేటర్‌ది.

జూన్ 6

అదే చార.

జూన్ 9

కాలమ్ ముందుగదిలోకి మార్చింది. ఈసారి చార తలుపు వైపు. ఎక్కడ పెట్టినా తను నిలబడి నింపిన వైపుకి ఎదురుగానే వస్తోంది. మనింట్లో ఎవరో ఉన్నారు నానమ్మా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

జూన్ 11

నింపుతుంటే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గరాటు తన వైపు అంచుకే ఆనించి గుట్టగా పోసి, పుల్లతో పైపైన చదును చేసింది. ఆ మణికట్టు తిప్పడం మా అబ్బాయిదే.

ఎవరు నేర్పారే అన్నాను. నాన్నే, ఫ్యాక్టరీ రియాక్టర్‌లో గుళికల బెడ్ కూడా ఇలాగే నింపించేవాడు అంది.

పెద్ద పూసలు గుట్ట మీంచి దొర్లి అవతలి గోడకి చేరుతున్నాయి. అక్కడ సందులెక్కువ. నీళ్లకి అదే రాజమార్గం. పైన సర్దితే లోపల సర్దుకుంటుందా? కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. గరాటు చుట్టూ తిప్పుతూ పొయ్యి అన్నాను.

పోసింది. ఎరుపు అంతటా ఒకే మట్టంలో దిగింది.

అంటే ఆ రియాక్టర్ కాలింది ఫీడ్ వల్ల కాదు, నింపుడు వల్ల.

జూన్ 12

ఇది థీసిస్‌లో రాయనంది పిల్ల. నాన్నని మళ్లీ చంపమంటావా అంది. పోయినవాడి పరువు కోసం బతికున్నవాడి నోటి దగ్గర కూడు లాక్కుంటామా అన్నాను. నీ కొడుకు కాడా అంది. కాబట్టే అన్నాను. తలుపేసుకుంది. కాసేపటికి వచ్చి, రాస్తాను, ఆ ఆపరేటర్‌కి మాత్రం నువ్వే చెప్పు అంది.

పంపు ఆపేసే ఉంది. నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

జూన్ 13

జరగవలసినవి:

1. రెండు రకాల నింపుడూ ఫోటోలతో థీసిస్‌లో రావాలి. ఫ్యాక్టరీకి ఒక కాపీ.

2. ఆపరేటర్ ఇంటికి నేనే వెళ్లాలి. తిడితే పడాలి.

3. పొద్దున చూస్తే కాలమ్ మళ్లీ ఒకవైపు గుట్టగా నింపి ఉంది. పిల్ల ముట్టుకోలేదంది. నేనూ ముట్టుకోలేదు. ఖాళీ చేసి, పోయిన మా అబ్బాయి చూస్తుండగా, సరిగ్గా నింపాలి.